ఆఖరున పాడైన ఆరో తొట్టి

దొమితిలా మా ఊరినుంచి పచూకా పట్నం చేరి, డిటెక్టివ్ ఇంటి మెట్లెక్కేసరికి గురువారం మధ్యాహ్నం దాటింది. కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. రాయి తగిలి ఎముక విరిగింది. ఆ రాయి విసిరింది పరాయివాళ్లు కాదు. పదిహేనేళ్లుగా ఆమె తెచ్చిన నీరాతో కల్లు పులియబెట్టుకుని బతికిన మా ఊరివాళ్లే. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ప్రైవేటు డిటెక్టివ్ రెమెదియోస్ ఉగాల్దే ఆమెకు కుర్చీ చూపించింది. రెమెదియోస్‌కు యాభై దాటాయి. ఈ వృత్తిలోకి రాకముందు పన్నెండేళ్లు ఒక పాల పరిశోధనశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న మనిషి. ఆమె సహాయకుడు హెర్మిలో నోటుపుస్తకం తెరిచాడు. ఆమె అడిగే ప్రశ్నల్లో ఏది ముఖ్యమో అతనికి ఎప్పుడూ ముందు తెలిసేది కాదు, అందుకే అన్నీ రాసుకునేవాడు.

దొమితిలా చెప్పుకొచ్చింది. మొగుడు పోయాక, కలబందలాంటి మాగెయ్ మొక్కల గుండె గీసి నీరా తీసేది తనే. ఆ నీరాను ఊరి ఉమ్మడి కల్లుసాల గుమ్మం దగ్గర దించి వస్తుంది. లోపల ఆరు ఎద్దుతోలు తొట్లున్నాయి. ఆడది అడుగు పెడితే కల్లు చస్తుందని మా అపాన్ మైదానంలో పాలు తాగే పిల్లకూ తెలుసు. రెండు వారాల కిందట మంగళవారం, సాలలో ఎవరూ లేని వేళ, ఆరో తొట్టి పక్కనున్న దేవుడి పీఠం మీద కొవ్వొత్తి ఒరిగి గుడ్డ అంటుకుంది. దొమితిలా పరుగున లోపలికి వెళ్లి, మండుతున్న గుడ్డను లాగి కాళ్లతో తొక్కింది. మర్నాటి నుంచి తొట్లు ఒక్కొక్కటే పాడయ్యాయి. ఈ ఆదివారం ఊరి సభ ఆమె మొక్కలు లాక్కుని, ఆమెను ఊరు దాటించబోతోంది.

"మంట ఆర్పాక ఏం చేశావు?" అని రెమెదియోస్ అడిగింది.

"ఇంటికెళ్లి నా కుండలో నీరా పోసి కలిపానమ్మా. మా ఆయన ఉన్నప్పుడు సాలనుంచి తెచ్చిన తోడు అది. దాంతో ఇంట్లోకి కాస్త కల్లు వేసుకుంటా."

"ఆ చేతుల్తోనే?"

"మరి నాకింకే చేతులున్నాయి?"

"ఆ కుండ ఉందా?"

"ఉంది. ఆ ఒక్కటీ పగలగొట్టలేదు."

రెమెదియోస్ లేచి టోపీ పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున కల్లుసాల గుమ్మానికి అడ్డంగా సాల పెద్ద క్రిసాంతో నిలబడ్డాడు. నడుముకు తాతలనాటి సొరబుర్ర వేలాడుతోంది. "పట్నం చదువైనా ఆడదానివే గదా, గడప దాటకు తల్లీ," అన్నాడు. రెమెదియోస్ వాదించలేదు. బయట బండమీద కూర్చుని హెర్మిలోను పంపింది. సాలలోకి వెళ్లే మగవాడు గుడిలోకి వెళ్లినట్టు టోపీ తీయాలి. హెర్మిలో తీసి వెళ్లి వచ్చాడు. గుమ్మం పక్కనున్న మొదటి తొట్టి కుళ్లు కంపు కొడుతోందనీ, లోపలికి పోయేకొద్దీ కంపు తగ్గిందనీ, ఆరోదాంట్లో నురగ నిన్నటిదాకా ఉందని పనివాళ్లు చెప్పారనీ అన్నాడు. మొదటి తొట్టిలోంచి ఒక సీసా నిండా, చిక్కదనం పోయి పలచబడిన కల్లు కూడా తెచ్చాడు.

"రోజూ తొట్లు ఎలా చూస్తారు?" అని ఆమె క్రిసాంతోను అడిగింది.

"మొదటిదాంతో మొదలెట్టి ఆరోదాని దాకా ఈ బుర్రతోనే రుచి చూస్తా. ఒకదాంట్లో మిగిలిన గుక్క పక్కదాంట్లో పోస్తా. అన్నదమ్ములు ఒకరి ఎంగిలి ఒకరు తాగాలి."

"బుర్ర కడుగుతారా?"

"నీళ్లు తగిలితే తోడు చస్తుంది. మా తాత కాలంనుంచీ ఈ బుర్ర నీళ్లెరగదు."

"ఈ మధ్య వేరే కల్లుసాలకు వెళ్లారా?"

అతని మొహం ఎర్రబడింది. "ఊరికి చెప్పకుండా పరాయి సాల గడప తొక్కినవాడు ఈ బుర్ర పట్టడానికి పనికిరాడు. నెల్రోజులుగా నేను పొలిమేర దాటలేదు. ఈ ప్రశ్నలేవో ఆ మంత్రగత్తెను అడుగు."

ఆ మాటకు హెర్మిలో పిడికిలి బిగించాడు. రెమెదియోస్ అతని మోచేతిమీద చెయ్యివేసి దొమితిలా ఇంటికి తీసుకెళ్లింది. ఆ వంటింట్లో కుండలో కల్లు చిక్కగా, నురగలు కక్కుతూ ఉంది. సీసాలో తెచ్చిన జబ్బు కల్లును రెమెదియోస్ తన పెట్టెలోని పింగాణీ వడపోతలోంచి దించింది. అద్దంలాంటి నీళ్లు దిగాయి. కాచి చల్లార్చిన నీరాను మూడు ముంతల్లో పోసి, మూడింటికీ దొమితిలా కుండలోని కల్లే తోడు వేసింది. మొదటి ముంతలో ఆ వడకట్టిన నీళ్లు ఒక చుక్క, రెండోదాంట్లో అవే నీళ్లు మరగబెట్టి ఒక చుక్క వేసింది. మూడోదాంట్లో ఏమీ వేయలేదు. శనివారం హెర్మిలో కంచరగాడిద ఎక్కి, పక్క జమీందారీ కల్లుసాలకు వెళ్లి వచ్చాడు. అతను చెవిలో చెప్పింది విని ఆమె తల ఊపింది.

ఆదివారం పూజ ముగిశాక ఊరంతా సాల ముందు చేరింది. రెమెదియోస్ గడప ఇవతలే బల్ల వేయించి ముంతలు పెట్టింది. గొంతు పెంచలేదు గానీ, ఆ గొంతులో కోపం ఆఖరి వరసకూ వినబడింది.

"కల్లును చేసేది మీరు కాదు. కంటికి కనబడని బ్యాక్టీరియా చేస్తుంది. అది ప్రాణమున్న జీవి. తీపి దొరికితే తనంతట తనే తింటుంది, రెండుగా చీలి పెరుగుతుంది. దాన్నే మీరు తోడు అంటారు. మీ తొట్లలో చచ్చింది అదే. దాన్ని చంపిందేమిటో ఈ ముంతలు చెబుతాయి."

మొదటి ముంత వంచింది. నీళ్లలా కారింది. మిగతా రెండూ చిక్కగా సాగాయి.

"విషం కావచ్చుగా?" అని ఎవరో అన్నారు.

"విషమైతే పంచేకొద్దీ పలచబడాలి. నేను ఈ చచ్చిన ముంతలోంచి ఒక చుక్క, మంచి తోడు వేసిన కొత్త ముంతలో వేశాను. అదీ చచ్చింది. దానిలోంచి ఇంకో చుక్క ఇంకోదాంట్లో వేశాను. అదీ పోయింది. పంచేకొద్దీ పెరిగేది విషం కాదు. ఇది వైరస్. బ్యాక్టీరియా దూరలేని పింగాణీలోంచి దూరిపోయేంత చిన్నది. మరగబెడితే నాశనమవుతుంది. దీనికి నోరు లేదు, కడుపు లేదు. ఒంటరిగా నీరాలో వేస్తే దుమ్ములా పడి ఉంటుంది. బ్యాక్టీరియా ఒంట్లో దూరి, దానిచేతే తనలాంటివాటిని వందలుగా చేయించుకుని, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. మనుషులనేమీ చేయదు. మనిషిని గాయపరిచింది మీరే."

ఆమె సాల గుమ్మం వైపు చెయ్యి చూపింది.

"దొమితిలా పరిగెత్తింది ఆరో తొట్టి దగ్గరికి. జబ్బు ఆమె తెచ్చి ఉంటే అది ముందు పాడవాలి. ఆఖరున పాడైంది. అవే చేతులు ఇంటికెళ్లి కుండలో పెట్టింది. ఆ కుండ మీ అందరికంటే ఆరోగ్యంగా ఉంది. జబ్బు గుమ్మం దగ్గర మొదలై వరసగా నడిచింది. రోజూ ఆ వరసలో నడిచేది ఒక్కటే, ఎన్నడూ కడగని ఒక సొరబుర్ర."

హెర్మిలో పక్కకు జరిగాడు. అతని వెనక పక్క జమీందారీ సాల పెద్ద ఎవరిస్తో టోపీ చేతిలో నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. అతను తల ఎత్తకుండానే చెప్పాడు. "మా తొట్లన్నీ పాడైతే నేనే కబురు పెట్టాను. కొంపాద్రే గదా, నా బిడ్డకు జ్ఞానతండ్రి, కాదనలేక మంటకు ముందురోజు, సోమవారం, క్రిసాంతో వచ్చాడు. తన బుర్రతోనే మా ఆరు తొట్లూ రుచి చూశాడు."

క్రిసాంతో గోడకు ఆనుకున్నాడు. ఈ పురుగుల సంగతి తనకేం తెలుసని గొణిగాడు.

"తెలియక తేవడం నేరం కాదు," అంది రెమెదియోస్. "కానీ ఎవరిస్తో సాలలో చచ్చిన కల్లు ఎలా ఉంటుందో మీరు నాలుకతో చూశారు. మీ మొదటి తొట్టి అదే రుచి ఇచ్చిన పొద్దునే మీకు తెలిసిపోయింది. బుర్ర పట్టే పదవి ఊడుతుందని భయపడ్డారు. సాలను మంటనుంచి కాపాడిన మనిషి మీదికి ఊరిని ఉసిగొలిపారు. మొదటి రాయి ఎవరిది?"

ఊరే అతని వైపు చూసింది.

సభ ఆ పూటే అతని నడుంనుంచి బుర్ర విప్పి పొయ్యిలో వేసింది. తోళ్లు మార్చి, తొట్ల కొయ్యచట్రాలన్నీ మరిగే నీళ్లతో కడగమని రెమెదియోస్ చెప్పింది. తొట్లు కడగొచ్చు, కానీ తోడెక్కడిది? చుట్టుపక్కల ప్రాణంతో ఉన్న తోడు ఒక్క దొమితిలా కుండలోనే ఉంది. ఊరి పెద్ద నేల చూస్తూ, ఒక ముంతెడు ఇప్పించమని అడిగాడు. క్షమించమని అడగడానికి మాత్రం అతనికి నోరు రాలేదు.

దొమితిలా విరిగిన చెయ్యి సర్దుకుంది. "ఇక్కడికి తేను. నా వంటింటికి వచ్చి తీసుకోండి. టోపీలు తీసి రండి."

ఆ మధ్యాహ్నం మా ఊరి మగవాళ్లు టోపీలు చేతబట్టుకుని, తల వంచి, ఆ పొట్టి గుమ్మంలోంచి ఒక్కొక్కరే దూరారు. ఆ వరసలో నేనూ ఉన్నాను. నా చేతిలోంచీ ఒక రాయి వెళ్లింది, ఆమెకు తగిలిందో లేదో నాకు తెలియదు. అందరి వెనకా క్రిసాంతో కూడా టోపీ తీసి వచ్చాడు.

దొమితిలా గరిటె ఆపి అతని వైపు చూసింది.

"నువ్వు గడప దాటకు," అంది.