ఎక్కేవాళ్ళ దారి

మేస్త్రమ్మ షెడ్డు ముందు పీట వేసుకుని పార అంచుకి సాన పెడుతోంది. వాన వెలిసి గంటయింది. రేకుల చివర నుంచి ఇంకా ఒక్కో చుక్కా రాలుతోంది.

ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు ఆమె. కొండల మీద రక్షిత అడవిలో సైకిళ్ళు తొక్కేవాళ్ళకి దారులు వేసే మేస్త్రి. చెట్టు వేరు తెగకుండా, వాననీళ్ళు నిలవకుండా, జింకలు నీళ్ళకి దిగే చోటు జోలికి పోకుండా, కొండ నడుముకి మొలతాడు కట్టినంత సన్నగా దారి తీస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని.

ఎదురుగా నిలబడ్డ ఆఫీసరు ఒక కాగితం చాపాడు.

"రేపు పొద్దున్నకల్లా ఇవ్వాలి మేస్త్రమ్మా. రెండే గళ్ళున్నాయి. మలుపు తీయడంలో తప్పు, లేదా తొక్కిన మనిషి అజాగ్రత్త. ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చేయండి."

"మొదటి గడిలో పెడితే?"

"దారి మూసేస్తాం. మీ పని పోతుంది."

"రెండోదాంట్లో పెడితే?"

"తప్పు మీ అమ్మాయిదవుతుంది. ఇక ఎప్పటికీ తనని అడవిలోకి రానివ్వరు."

"మూడో గడి లేదా సార్?"

"ఫారంలో లేదు," అన్నాడాయన పాపం, నిజంగానే కాగితం తిప్పి చూసి.

నెల రోజుల్లో ముగ్గురు పడ్డారు, ఏడో మలుపు దగ్గరే. ముగ్గురూ సాయంత్రం అయిదు దాటాక పడ్డారు. మూడో మనిషి మేస్త్రమ్మ కూతురు. భుజం దగ్గర ఎముక విరిగి మంచం మీద ఉంది. ముగ్గురూ ఒకటే మాట చెప్పారు. పైనుంచి ఎవరో సైకిలు మీద దిగుతున్నారట. పక్కకి తప్పుకోబోయి లోయవైపు జారిపోయారట.

ఆఫీసులో అందరూ నవ్వారు. నవ్వరూ మరి? అది ఎక్కడానికి మాత్రమే వేసిన దారి. దిగే దారి కొండకి అవతలి పక్కన ఉంది. ఏడో మలుపులో పైనుంచి దిగేవాళ్ళు ఉండనే ఉండరు.

మేస్త్రమ్మ కాగితం మడిచి లోపలికి వెళ్ళింది. షెడ్డు వెనక గదే వాళ్ళ ఇల్లు. కూతురు పైకప్పు చూస్తూ పడుకుని ఉంది.

"నువ్వు కూడా నమ్మవు కదమ్మా?"

"నమ్మకపోతే సైకిలెందుకు తీస్తానే?"

కూతురు లేవబోయి నొప్పికి మూలిగింది. "వద్దమ్మా. వెళ్ళకు."

"ఎలా ఉంటాడు వాడు?"

"చూడలేదు. మంచు కమ్మేసింది. టిక్ టిక్ మని చప్పుడు వినబడింది. తర్వాత… చాలా మర్యాదగా అడిగాడమ్మా. 'కొంచెం దారి ఇస్తారా' అని. అంత మర్యాదగా అడిగితే ఎవరు మాత్రం తప్పుకోరు?"

మేస్త్రమ్మకి అదే వింతగా తోచింది. కసిరితే ఎదురు తిరుగుతాం. బతిమాలితే జరుగుతాం. ఆ సంగతి వాడికి ఎవరు నేర్పారో!

గేటు దగ్గర మరిది కాపలా. ఆమెని చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఈ వేళప్పుడు ఎక్కుడేంటి వదినా? మోకాళ్ళు పట్టేస్తే మా అన్నయ్య నన్ను తిడతాడు."

"మీ అన్నయ్య మోకాళ్ళకంటే నా చైను నయమయ్యా. నూనె వేస్తే మాట వింటుంది."

"ఆరింటికి గేటు వేసేస్తా."

"వేసుకో. దూకి వస్తా."

మొదటి మలుపు, రెండో మలుపు హాయిగా గడిచాయి. తడి ఆకుల వాసన, ఎక్కడో వడ్రంగిపిట్ట టకటకలు. ప్రతి రాయీ ఆమెకి తెలుసు. ఇది గునపం విరిగిన చోటు. ఇది కూతురు అయిదేళ్ళప్పుడు కూర్చుని అన్నం తిన్న బండ. నాలుగో మలుపు దాటాక మంచు దిగింది. చెట్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ముందు చక్రం తప్ప ఏమీ కనబడడం లేదు. పిట్ట చప్పుడు ఎప్పుడాగిందో ఆమె గమనించలేదు.

ఆరో మలుపులో వాసన మారింది.

మన్ను వాసన. కానీ పైమన్ను కాదు. పైమన్నుకి ఆకులు, పురుగులు, ఎండ, అన్నీ కలిసిన వాసన ఉంటుంది. ఇది చల్లగా, మూసిపెట్టిన పెట్టె తెరిచినట్టు ఉంది. చాలా ఏళ్ళ కిందట, నుయ్యి తవ్వుతుంటే అడుగున తెల్లమన్ను తగిలినప్పుడు ఒక్కసారే పీల్చింది ఆ వాసన. ఈ దారిలో ఆమె మోకాలి లోతు కంటే ఎప్పుడూ తవ్వలేదు.

ఏడో మలుపు.

టిక్… టిక్… టిక్…

తొక్కుతున్న సైకిలు చక్రం అలా మోగదు. తొక్కడం ఆపి చక్రాన్ని దాని మానాన వదిలేస్తేనే ఆ చప్పుడు. అంటే దిగుతున్నారు. నిదానంగా… తొందరేమీ లేనట్టు…

"కొంచెం దారి ఇస్తారా…"

గుసగుస. పైనుంచి.

ఆమె చేతులు వాటంతటవే హ్యాండిల్‌ని లోయవైపు తిప్పాయి. ఇరవై ఏళ్ళ అలవాటు. ఎవరొచ్చినా పక్కకి జరగమని ఊరందరికీ నేర్పింది ఆమే. టైరు అంచు దాకా పోయింది. అక్కడ విరిగిన కొమ్మలు, గీసుకుపోయిన నేల కనబడ్డాయి. కూతురు జారిన జాడ.

హ్యాండిల్‌ని దారి మధ్యకి లాక్కుంది.

"ఇవ్వను."

చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి దగ్గరగా… చాలా దగ్గరగా…

"పెద్దవారు… కొంచెం… జరగండి…"

"జరగను." గట్టిగా అరిచింది. "ఇది ఎక్కేవాళ్ళ దారి. ప్రతి రాయీ నా చేత్తో పేర్చాను. ఇక్కడ దిగడానికి నీకు హక్కు లేదు. నువ్వు ఆగు! కాలు కింద పెట్టు!"

ఏ చప్పుడూ లేదు.

ఆమె హ్యాండిల్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంది…

అప్పుడు దబ్‌మని, మెత్తగా, నేల మీద ఒక కాలు పడింది.

మేస్త్రమ్మ తొక్కింది. పళ్ళు గిట్టకరుచుకుపోతున్నాయి. కొండవైపు నుంచి చలి మోచేతికి తగిలింది. తల ఎత్తలేదు. ఎత్తి చూస్తే దారి ఇచ్చినట్టే అనిపించింది. కిందకే చూసింది. ఒక టైరు. దాని పక్కన చెప్పు లేని పాదం. మడమ దాకా తెల్లమన్ను.

దాటేసింది.

పది గజాలు పోయాక సైకిలు తేలికైపోయింది. నిట్టనిలువు ఎక్కుడులో పెడళ్ళు వాటంతటవే తిరుగుతున్నట్టున్నాయి. వీపు మధ్యలో ఏదో ఆనింది. చల్లగా… తడిగా…

అరచెయ్యి.

"నేను అడగలేదు. తీయ్," అంది పళ్ళ బిగువున.

తీయలేదు. కొండ కొన దాకా అలాగే నెట్టింది.

అవతలి దారిన దిగి గేటుకి వచ్చేసరికి మరిది తాళంచెవి పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆమె తనని దాటి ముందుకి నడవగానే నవ్వడం మానేశాడు.

"వదినా… నీ వీపు మీద ఆ సున్నమేంటి?"

ఆమె ఇంటికెళ్ళి చొక్కా విప్పింది. సున్నం కాదు. తెల్లమన్ను. అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. చిటికెన వేలు సగమే ఉంది.

ఆమెకి ఏదో తట్టింది. కూతురు పడిన రోజు వేసుకున్న చొక్కా ఇంకా ఉతకలేదు, మూటలోనే ఉంది. తీసి దులిపింది. ఎడమ భుజం ముందువైపు ఎండిపోయిన తెల్లటి మరక. పడినప్పుడు అంటుకుందనుకుని చూడనే లేదు. అయిదు వేళ్ళు. చిటికెన వేలు సగం.

కూతురు రెండు చొక్కాలనీ చూసింది. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. "చెప్పానా అమ్మా," అంది. అంతే అంది.

పొద్దున్నే రెండు చొక్కాలూ ఆఫీసరు బల్ల మీద పరిచింది మేస్త్రమ్మ. కాగితం పక్కన పెట్టింది. రెండు గళ్ళూ ఖాళీ. కింద ఆమె తన చేత్తో ఇంకో గడి గీసి, రాసి, టిక్కు పెట్టి, సంతకం చేసింది. 'మలుపు తప్పు కాదు. నా కూతురు అబద్ధం చెప్పలేదు. దిగేవాడిదే తప్పు.'

"ఇవి మట్టి మరకలమ్మా," అన్నాడు ఆఫీసరు, వేలితో తాకబోయి ఎందుకో ఆగి.

"కావచ్చు సార్. సాయంత్రం అయిదింటికి నాతో ఏడో మలుపు ఎక్కండి. తర్వాత మీకు తోచింది రాయండి."

ఆయన గడియారం చూసుకున్నాడు. సాయంత్రం మీటింగు ఉందన్నాడు. కాగితం సొరుగులో పెట్టాడు. దారి మూయమని ఆ తర్వాత ఎవరూ అనలేదు.

ఏడో మలుపుకి ముందు ఇప్పుడొక బోర్డు ఉంది. 'పైనుంచి ఎవరొచ్చినా, ఎంత మర్యాదగా అడిగినా, పక్కకి జరగకండి. దారి మీది.' చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు. కానీ జరగరు. ఆ తర్వాత ఎవరూ పడలేదు. ఆ మలుపు దాటాక ఎక్కుడు భలే తేలికగా ఉందని మాత్రం కొందరు అంటుంటారు.

కూతురి చొక్కా మీద మరక ఒక్క ఉతుకుకే పోయింది. మేస్త్రమ్మ చొక్కా మీదది పోలేదు. ఎండలో వేసినా ఆరదు. ముట్టుకుంటే ఇప్పటికీ వేలికి తడి తగులుతుంది.

ఆమె ఆ చొక్కా పారేయలేదు. రోజూ సాయంత్రం అదే వేసుకుని ఎక్కుతుంది. ఇది ఎవరి దారో వాడు మరిచిపోకుండా ఉండాలంటుంది.

నిన్న ఇంటికొచ్చి చొక్కా విప్పి తీగ మీద వేస్తుంటే కూతురు గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆగు," అంది.

వీపు మధ్యలో ఆ పాత అరచెయ్యి అలాగే ఉంది. దాని కింద, నడుము దగ్గర, ఇంకో అరచెయ్యి. అదీ తెల్లగా, తడిగా ఉంది.

అది మాత్రం చాలా చిన్నది.