పరమేశ్ లోపలికొచ్చిండు

కరణ్‌కోట దారిలో, నీళ్లు నిండిన పాత క్వారీ ఒడ్డున ఒక ఫ్యాక్టరీ ఉంది. పేరెందుకులెండి. దాని వెనక నాపరాళ్లతో కట్టిన గది ఒకటి — కంప్యూటర్ల గది. రాత్రి షిఫ్టువాళ్లు అటు తొంగి కూడా చూడరు. చచ్చిపోయిన పరమేశ్ చీకటి పడ్డాక అందులో పని చేస్తాడట.

బతికుండగా ఆ గదికి పరమేశే దిక్కు. రాయి కాల్చే బట్టీ నుంచి కూలీల హాజరు దాకా అన్నిటినీ తెరిచే పెద్ద తాళం లాంటి పాస్‌వర్డు అతని పేరు మీదే ఉండేది. ఒక్క పాస్‌వర్డును నమ్ముకోవద్దని, అతని కింద పనిచేసే దేవిక దానికి రెండో తాళం బిగించింది. ఆ పేరుతో ఎవరు తెరవబోయినా పరమేశ్ ఫోన్ మోగుతుంది — "లోపలికి పోతున్నది మీరేనా?" పచ్చది ఒత్తితే తెరుచుకుంటుంది. ఎర్రది ఒత్తితే తెరుచుకోదు.

వానాకాలంలో పరమేశ్ జ్వరమొచ్చి పోయాడు. ఆ పేరు తీసేద్దామని దేవిక అడిగితే మేనేజర్ విజయ్‌కుమార్ కసిరాడు. "బట్టీ ఆగితే నువ్వు నడుపుతవా? ఉండనియ్!"

ఫోన్ ఏమైందని మాత్రం ఎవరూ అడగలేదు. మనిషి పోతే అతని కుర్చీ కోసం కొట్లాడే లోకం ఇది... ఫోన్ ఎవరికి కావాలి?

అప్పుడు మొదలైంది. రాత్రి తెర మీద పరమేశ్ పేరు... తెల్లారేసరికి కూలీల ఓవర్‌టైం గంటలు మాయం! ఎండలో రాయి పగలగొట్టిన మనుషుల చెమట అది. దాన్ని దెయ్యం తిన్నదట!

"పరమేశ్ గసుంటోడు కాదు బిడ్డా," అన్నాడు కూలీల పెద్ద ఎంకయ్య. "బతికినన్నాళ్లు మా గంట ఒక్కటి పోనియ్యలే. సచ్చినంక తింటడా?"

విజయ్‌కుమార్ మాత్రం దేవికనే పట్టుకున్నాడు. "రెండో తాళం పెట్టింది నువ్వు. దొంగ దొరకలేదంటే ఆ దొంగవు నువ్వే. సోమవారం పోలీసులకు చెప్త."

ఆ రాత్రి దేవిక ఒక్కతే ఆ గదిలో కూర్చుంది. క్వారీ నీళ్ల మీది గాలి రాళ్ల సందుల్లోంచి దూరుతోంది... ఎక్కడో కుక్క మొరిగి, ఉన్నట్టుండి ఆగింది...

తెర వెలిగింది.

పరమేశ్ — పాస్‌వర్డు సరిపోయింది.

ఆమె కుర్చీ ముందుకు జరిపింది.

పరమేశ్ — "అవును, నేనే."

దేవిక పరమేశ్ నంబరుకే ఫోన్ కొట్టింది. మోగింది... మోగింది... ఎవరో ఎత్తారు. ఊపిరి మాత్రమే వినబడుతోంది.

"అన్నా...?"

"ఎవరు బిడ్డా?" గుసగుసగా ఒక ముసలి గొంతు. "పరమేశ్‌ను కన్న అవ్వను... మొగులమ్మను."

పొద్దున్నే దేవిక బస్సెక్కి బొంరాస్‌పేట పోయింది. మొగులమ్మ ఇంట్లో కొడుకు ఫొటో ముందు దీపం, దీపం పక్కన ఛార్జింగ్ పెట్టిన ఫోన్!

"వాడు బువ్వ కలుపుకున్నప్పుడు ఫోన్ మోగితే, 'అవ్వా, పచ్చది ఒత్తు, లేకుంటె ఆడ పని ఆగుతది' అంటుండె," అంది మొగులమ్మ. "నాకు చదువు రాదు. రంగు తెలుస్తది. ఇప్పటికీ ఒత్తుతున్న." ఫొటో వైపు చూసింది. "నా కొడుకును అడిగేది గిదొక్కటే మిగిలింది."

దేవిక దాచలేదు. ఆ తాళం ఏ కంప్యూటర్ నుంచి తెరిచారో రాత్రే వెతికి పట్టుకుంది. అది మేనేజర్ గదిలోది. పాస్‌వర్డు ఆయన దగ్గరుంది; రెండో తాళం దానంతటదే ఊడుతోందనుకుంటున్నాడు. "నేను చెప్తే ఎవరు నమ్ముతరవ్వా? నన్నే జైల్ల పెడ్తరు."

"నా కొడుకు పేరు జెప్పి... కూలోళ్లది తింటుండా?" ముసలామె ఫోన్‌ను కొంగుతో తుడిచింది. మళ్లీ దీపం పక్కనే పెట్టింది.

మళ్లీ రాత్రి. రాళ్ల గదిలో దేవిక. వాకిలి అవతల మేనేజర్ గదిలో లైటు.

పాస్‌వర్డు సరిపోయింది.

ఎంతకీ జవాబు రాలేదు... రాలేదు... వచ్చింది.

పరమేశ్ — "కాదు. నేను కాదు."

అవతల ఒక కేక! కుర్చీ పడింది, తలుపు కొట్టుకుంది. గేటు వైపు పరుగు... గడప మీద ఒక్క బూటు మిగిలింది.

పొద్దున విజయ్‌కుమార్ కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. "ఆ పేరు తీసెయ్, దేవికా. ఈడ శాంతి చేయిద్దాం."

"ఎందుకు సార్? ఏం జూసిన్రు?"

గుమ్మంలో ఎంకయ్య, అతని వెనక కూలీలు. విజయ్‌కుమార్ నోరు తెరిచాడు... మూశాడు. ఏం చూశాడో చెప్పాలంటే, ఎవరి పేరు కొట్టి చూశాడో కూడా చెప్పాలి మరి! పోలీసుల ఊసు మళ్లీ ఎత్తలేదు.

"ఇగ ఎవరి తాళం వాళ్ల పేరు మీదనే సార్," అంది దేవిక. "మీ ఫోన్ ఈడ పెట్టున్రి. ఇప్పటిసంది మిమ్మల్నే అడుగుతది."

విజయ్‌కుమార్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. తాళాన్ని ఆ ఫోన్‌కు మార్చడానికి దేవిక ఇంకా ఒక్క మీట కూడా ముట్టలేదు.

ఫోన్ వెలిగింది.

"లోపలికి పోతున్నది మీరేనా?"