లేసు చుట్ట చివర

ఆ ఉదయం కూడా ఒతీలియా పొయ్యి మీద మొక్కజొన్న జావ కలుపుతూ, కోడలి వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతోంది. కోడలు నయేలి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. ఎడమ చేతి వేళ్ళ చుట్టూ తెల్లదారం చుట్టుకుని, కుడి చేతిలో దారం చుట్టిన వేలెడంత చెక్క నాడె పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ ముడి పక్కన ముడి వేస్తోంది. పది ముళ్ళు వేసి నాడె దారం లాగితే అదంతా చక్కగా ఉంగరంలా మూసుకోవాలి. నయేలి లాగింది. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. దారం పుటుక్కున తెగింది.

"అత్తయ్యా, మళ్ళీ తెగింది. పొద్దుట్నించీ ఇది నాలుగోది."

"అంత బలంగా లాగితే తెగక ఏమవుతుంది? మెల్లగా లాగు."

"నిన్న మెల్లగా లాగితే గట్టిగా లాగమన్నారు కదా?"

ఒతీలియా గరిటె తిప్పుడు వేగం పెంచింది. నిన్న అలా అన్న మాట నిజమే. మొన్న దారం మంచిది కాదంది. అటుమొన్న నయేలి గోళ్ళు పెద్దవంది. పాపం ఆ పిల్ల వెంటనే వెళ్ళి పదివేళ్ళ గోళ్ళూ కత్తిరించుకుని వచ్చింది.

జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండుగనాడు కోసిన రొట్టెలో దాచిన చిన్న బొమ్మ నయేలి ముక్కలో వచ్చింది. కాబట్టి ఈ ఫిబ్రవరి రెండున ఇంట్లోని బాల యేసు విగ్రహానికి కొత్త గౌను తొడిగి చర్చికి తీసుకెళ్ళడం ఆమె వంతు. కాపురానికొచ్చి నాలుగు నెలలే అయిన కోడలికి అది ఎంత గౌరవమో చెప్పనక్కర్లేదు. "గౌనుకి లేసు నా చేత్తోనే అల్లుతాను, మా అత్తయ్యలాగా" అని భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ అంది. ఒతీలియా కొడుకు ఫెర్మిన్ తల్లిని చూసి మురిసిపోయాడు. ఒతీలియా మాత్రం పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

ఎందుకంటే ఆమెకు లేసు అల్లడం రాదు. వీధంతా మెచ్చుకునే ఆ లేసు ఆమె అత్తగారు ఎవరిస్తా అల్లింది. ఆవిడ పోతూ బీరువాలో పెద్ద లేసు చుట్ట వదిలి వెళ్ళింది. పన్నెండేళ్ళ కిందట, ఆవిడ లేని మొదటి పండుగకు, ఒతీలియా అందులోంచి రెండు మూరలు కత్తిరించి గౌనుకు కుట్టింది. చర్చి మెట్ల మీద ఎదురింటి నాచా, "మీ అత్తగారి చెయ్యి అచ్చంగా నీకే వచ్చిందే!" అంది. ఒతీలియా నవ్వి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది. మరుసటి ఏడు ఎవరూ అడక్కుండానే "ఏదో, తీరిక చేసుకుని అల్లాను" అనేసింది. ఆ తర్వాత వెనక్కి తీసుకునే దారి లేకపోయింది.

జావ దించేసరికి ఆ నాచాయే తమాలెలనే పిండి కుడుములు చుట్టడానికి ఎండు మొక్కజొన్న పొత్తి ఆకులు ఒడిలో వేసుకుని వచ్చింది. వస్తూనే నయేలి ఒళ్ళోంచి దారం ముక్క లాక్కుని వెలుగుకు పెట్టి చూసింది.

"ఇదేమిటే, ఎలుకలు కొరికినట్టుంది!"

నయేలి తల దించుకుంది. ఒతీలియా నోరు విప్పి కోడలిని వెనకేసుకు రావలసిన క్షణం అది. విప్పింది కూడా.

"ఏం చెప్పమంటావు వదినా? కొన్ని చేతులంతే. నేర్పితే వచ్చేది కాదు ఇది."

నయేలి లేచి నిలబడింది. "అత్తయ్యా, ఒక్కసారి మీరు వేసి చూపించండి. పంతొమ్మిది రోజులుగా అడుగుతున్నాను. మీరు ఒక్కసారి కూడా నాడె చేతిలోకి తీసుకోలేదు."

"చేతికి జావ అంటుకుంది."

"కడుక్కోండి. నీళ్ళు నేను పోస్తాను."

"చిన్నంతరం పెద్దంతరం లేదా నీకు? పదిమందిలో నన్నే నిలదీస్తావా?"

ఉన్నది ముగ్గురే. నాచా ఆకులు లెక్కపెడుతున్నట్టు నటిస్తోంది. నయేలి వేళ్ళకున్న దారం ఊడదీసింది.

"నాకు రాదని మీరు ముందే తేల్చేశారు. సరేలెండి. బజారులో మిషను లేసు కొనుక్కొస్తాను. ఇంటి పరువు తీసిందని అందరికీ చెప్పుకోండి." నాడె బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది.

నాచాను ఎలా సాగనంపిందో ఒతీలియాకే తెలియదు. తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళింది. మిగిలిన లేసు కోడలి చేతిలో పెట్టి, "ఇది నువ్వే అల్లావని చెప్పు, నేను నోరు మెదపను" అందామనుకుంది. తన అబద్ధంలో సగం ఆ పిల్లకు పంచిపెట్టబోతోందని అప్పుడు తోచలేదు.

చుట్ట బాగా చిక్కిపోయింది. విప్పుతూ పోతే ఇంకో మూడు మూరలు వచ్చి, చివర నీలం దారం కనబడింది.

అరచేయంత కూడా లేని ముళ్ళ వరుస. వంకర టింకరగా ముడుచుకుపోయి ఉంది. ఒక పక్క కాస్త మాడిన మచ్చ. ఒతీలియా మంచం మీద కూర్చుని దాన్ని ఒళ్ళో పరిచింది.

అది తనది.

ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరిస్తా నీలం దారమూ తెల్లదారమూ కలిపి ముడేసి ఇచ్చింది. "నీలం వేళ్ళ మీద, తెలుపు నాడెకి. ఏ దారం ముడి పడుతోందో నీ కళ్ళకే కనబడుతుంది. ఎడమ చెయ్యి వదులు చెయ్యమ్మా, వదులు చెయ్యి" అంటూ పక్కనే కూర్చుంది. కొత్త కోడలు ఒతీలియాకు అది వెక్కిరింతలా వినిపించింది. పొయ్యిలో విసిరికొట్టి, నాకీ పని వద్దంది.

ఆవిడ పొయ్యిలోంచి తీసి దాచింది. తీసి దాచడమేనా! వంకర ముళ్ళు అయిపోయిన చోట ఆవిడ స్వయంగా ఐదు ముళ్ళు వేసి, అక్కణ్ణుంచే లేసు మొదలుపెట్టింది. పన్నెండేళ్ళుగా ఒతీలియా తనదని చెప్పుకున్న లేసంతా ఆ పిచ్చి ముళ్ళ కొసనుంచే పెరిగింది. బతికి ఉన్న పద్ధెనిమిదేళ్ళలో ఆవిడ ఒక్కనాడు ఆ సంగతి ఎత్తలేదు, దెప్పలేదు. తనేమో ఈ పొద్దున ఇంకో కొత్త కోడలిని పొరుగింటామె ముందు ఏడిపించింది. ఒతీలియాకు సిగ్గుతో చెవులు మండిపోయాయి.

కళ్ళు తుడుచుకుని దగ్గరగా చూసింది. తన ముళ్ళలో తెల్లదారం నీలం మీద చుట్టుకుంది. గోటితో నెడితే కదలడం లేదు. అత్తగారి ముళ్ళలో నీలమే తెలుపు మీద చుట్టుకుంది. నెడితే పూసల్లా జారాయి.

నయేలి గది తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. "ఇటు చూడమ్మాయ్" అంది ఒతీలియా, ముక్క చూపిస్తూ. "ఎలుకలు కొరికినట్టు లేదూ?"

"ఎవరిదిది?"

"నాది. నేను అల్లింది ఈ జన్మకు ఇంతే. మిగతాదంతా మా అత్తగారిది. నాకు రాదు నయేలీ. రానిదాన్ని నీకేం చూపించను? రాదని చెప్పలేక చేతులు బాగాలేవని నిన్ను అన్నాను."

నయేలి తన వేళ్ళ వైపు చూసుకుంది. "నా గోళ్ళు పెద్దవని ఎందుకన్నారు మరి?" అంది చివరికి. గొంతులో కోపం తగ్గలేదు.

"ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను. నన్ను క్షమించవే."

నయేలి మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఒతీలియా కూడా పక్కన కూర్చుని ఏడ్చింది. కాసేపటికి ఆ పిల్లే ముక్క అందుకుని, ఒతీలియా చెప్పింది వింటూ, ముళ్ళు అటూ ఇటూ జరిపి చూసింది.

"అంటే మనిద్దరం నాడె దోపగానే ఎడమ చెయ్యి బిగబట్టేస్తున్నాం. అందుకే నాడె దారమే ముడి పడిపోతోంది."

"ఎడమ చెయ్యి వదులు చేసి, నాడె దారం బిగించి పట్టుకో. ముడి వేళ్ళ మీది దారానికి దూకుతుంది. అప్పుడు ఎడమ వేలు లేపి దగ్గరికి జరుపు." అత్తగారి మాటలు ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆమె నోట వచ్చాయి.

మూడు తప్పాయి. నాలుగోది దూకింది. మధ్యాహ్నానికి నయేలి పది ముళ్ళు వేసి దారం లాగితే, అది సరసరా జారి ఉంగరంలా మూసుకుంది. ఇద్దరూ ఒక్కసారే అరిచారు. పొయ్యి మీద చిక్కుడుగింజలు మాడిన వాసన ఆ తర్వాత గాని తెలియలేదు.

వారంలో నయేలి చేతిమీదుగా తొమ్మిది ఉంగరాలు తయారయ్యాయి. మెడ పట్టీకి సరిపోయాయి. అంచుకు ఎవరిస్తా లేసు కుట్టారు. ఆ నీలం కొసను కత్తిరించబోతే ఒతీలియా వద్దంది.

పండుగనాడు చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు బాల యేసు చుట్టూ మూగారు. నాచా అంచు పట్టుకుని చూసింది. "ఈ ఏడూ నీ చెయ్యేనా ఒతీలియా?"

అందరూ చూస్తున్నారు. ఒతీలియా గౌను అంచున నీలం కొసను చూసింది. అవునంటే ఒక్క మాటతో గట్టెక్కుతుంది.

"కాదు వదినా. ఏ ఏడూ కాదు. పన్నెండేళ్ళూ మా అత్తగారు అల్లిందే పెట్టి నాదని చెప్పుకున్నాను. మెడ దగ్గరది మా కోడలిది. నాది ఇదిగో, ఈ నీలం ముక్క ఒక్కటే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఒతీలియా ముఖం కందిపోయింది. నయేలి గబుక్కున తన శాలువా కొంగు లాగి ఆ నీలం ముక్క మీద కప్పింది.

ఒతీలియా ఆ కొంగును మెల్లగా పక్కకు తీసింది.

"ఉండనీ అమ్మా. కనబడనీ."