గ్రహణం మర్నాడు మాయమైన కుండ

“సార్! శ్రీపాదరావుగారింట్లో కన్నమంట!” హెడ్ కానిస్టేబుల్ నరసప్ప ఫోన్ పెట్టేసి అరిచాడు.

1980 ఫిబ్రవరి. సూర్యగ్రహణం మర్నాడు, ఆదివారం ఉదయం.

ఆదోని ఎస్.ఐ. జయన్న జీపు దిగి, ఇంటి గోడలన్నీ తిరిగి చూశాడు. పిసరంత సున్నం కూడా రాలలేదు.

“కన్నం కాదప్పా, కనాను!” పురావస్తు శాస్త్రవేత్త శ్రీపాదరావు తల బాదుకున్నాడు. “మూడువేల ఏళ్లనాటి దేశం. ఆ దేశపు కుండల మీదే నా ఇరవయ్యేళ్ల సర్వీసు. లెబనాన్ మ్యూజియం వాళ్లు నమ్మి పంపిన ఆర్టిఫాక్ట్ పోయింది. దొరక్కపోతే నన్నే దొంగంటారు. ఇక ఏ తవ్వకానికీ రానివ్వరు.”

“చివరిసారి ఎప్పుడు చూసినారు?”

“నిన్న గ్రహణానికి ముందు. నా గదిలోనే.”

“గ్రహణం పూట?”

“మేం తలుపులేసుకుని జపంలో ఉన్నాం. బయట తిరిగింది ఇతనొక్కడే.”

అందరి చూపూ కుండల బొమ్మలు గీసే అసిస్టెంటు ఇస్సాకు మీద పడింది. నరసప్ప బేడీలు తగిలించాడు.

“ఊరంతా లోపలుంటే నువ్వు బయటేం చేస్తాంటివప్పా?”

“గాజుకు మసి పూసి సూర్యుణ్ణి సూస్తాంటి. మాకా పట్టింపు లేదన్నా.”

“కనాను మీ బైబిల్లోది కదా? అందుకే తీస్కపోయినావా?”

“దేవుడు దేశమిస్తానన్నాడు గానీ కుండ ఇస్తానన్లేదన్నా!”

సూర్యుడికి పట్టింది విడిచింది. ఇస్సాకుకు పట్టింది విడవలేదు.

జయన్న మంచినీళ్లడిగాడు. మంత్రాలయం నుంచి మొన్ననే వచ్చిన శ్రీపాదరావు తల్లి తులసీబాయి చెంబు అందించింది.

ఒక్క గుక్క. ఆగాడు. కొత్త మట్టి వాసన.

వంటింట్లోకి తొంగిచూశాడు. ఊరగాయ జాడీల మీద దర్భలు. పక్కన కుండలన్నీ కొత్తవే.

“అందర్నీ ఇక్కడికి పిలువు నరసప్పా... అమ్మా, పాత కుండలేమయినాయి?”

“గ్రహణం పట్టిన మట్టికుండలు ఇంట్లో ఉంచుకుంటామా నాయనా? అన్నీ పెరట్లో పారేస్తి.”

“వంటింటివేనా?”

“వీడి గదిలో అడుగు మొనదేలి కూసుగా, నిలబడని మాయదారి కుండ ఒకటుండె. దాన్ని గూడా.”

శ్రీపాదరావు కుర్చీలో కూలబడ్డాడు. “పొద్దున్నుంచీ అరుస్తాంటే ఒక్క మాట చెప్పొద్దామ్మా?”

“ఆర్టిఫాక్టో ఏందో పోయిందంటివి. బంగారు బొమ్మేమో అనుకుంటి!”

“గ్రహణంలో బయటున్నవాణ్ణి అనుమానించినాం,” అన్నాడు జయన్న. “గ్రహణం విడిచినాక లోపలున్నవాళ్లు ఏం చేస్తారో మరిచినాం.”

“అయితే కన్నం లేనట్టేనా సార్?”

“గోడకు లేదు. కుండకుందేమో చూద్దాం పా!”

పెరట్లో, బూడిదకుప్పలో కూసు దిగబడి, కనాను కుండ నిటారుగా నిలబడి ఉంది. చిన్న పెచ్చు కూడా ఊడలేదు.

శ్రీపాదరావు వంగాడు. చేతులు చాచాడు. వెనక్కి తగ్గాడు.

“నువ్వే తియ్యప్పా ఇస్సాకూ. నీ చెయ్యయితే వణకదు.”

ఇస్సాకు బేడీలెత్తి చూపించాడు.

“నా చేతులు ఖాళీ లేవు సార్.”