నల్లగా కనబడిన పొలం

"మా పొలం మునిగిందని రాసిందెవలు?"

గోపాల్ భూతద్దం పక్కన పెట్టి తలెత్తాడు. బల్ల అవతల ఒక అమ్మాయి. చేతిలో మడిచిన గొడుగు, ముఖంలో మార్చి నెల ఎండంత కోపం.

అది 1987. హన్మకొండలో ఓ అద్దె మేడ మీద గోపాల్ ఆఫీసు. ఉపగ్రహం తీసిన ఫోటోలు చూసి, కాలువల కింద ఏయే పొలాల్లో నీళ్లు ఇంకక భూమి పాడవుతోందో మ్యాపు గీయడం అతని పని. అలాంటి భూమిని ఇక్కడి రైతులు జాలు పట్టిందంటారు.

"ఏ ఊరు మీది?"

"పాలంపేట. మా బాపు పేరు వెంకట్రాజం. జాలు భూమికి వచ్చే యాసంగి పంటకు నీళ్లు బంద్ అని కాలువ ఆఫీసోళ్లు చెప్పి పోయిండ్లట. మ్యాపుల ఉన్నదట."

"ఆ మ్యాపు గీసింది నేనే."

ఇంత తొందరగా దొంగ దొరుకుతాడని ఆమె అనుకోలేదు. ఆమె తేరుకునేలోగా గోపాల్ ఫోటో ఆమె ముందుకు జరిపి, పెసరగింజంత నల్లమచ్చ మీద పెన్సిల్ పెట్టాడు.

"ఇది మీ పొలం. ఎర్రగ ఉన్నదంత పంట, నల్లగ ఉన్నది నీళ్లు."

"పచ్చటి పంట ఎర్రగెట్లుంటది?"

"కంటికి కనపడని వెలుగు గూడ ఇందుల పడ్తది. దానికి ఎరుపు రంగు ఇస్తరు."

"అంటే పచ్చది ఎర్రగ, మంచిది చెడ్డగ. బాగున్నది మీ ఫోటో! మా పొలం కాడికి వచ్చి చూసిండ్లా?"

"అన్నిటికి పోలేం. కొన్ని శాంపిల్ చూస్తం. గ్రౌండ్ ట్రూత్ అంటరు. మీదికెళ్లి ఉపగ్రహం చూసింది నిజమో కాదో నేల మీద నిలబడి చూసుడు."

"అయితే ఆదివారం వచ్చి నిలబడండ్లి," అని ఆమె గొడుగు విప్పకుండానే ఎండలోకి వెళ్లిపోయింది.

లోపలి గదిలోంచి పెద్దసారు రాజేశ్వర్ రావు అడిగారు. "ఆ పిల్ల పేరేందోయ్?"

"అడగలే సార్."

"సర్వే నంబరన్న అడిగినవా?"

"అదీ అడగలే సార్."

పెద్దసారు చాలాసేపు నవ్వారు.

ఆదివారం ములుగు బస్సెక్కి, తర్వాత ఇంకో బస్సు మారి గోపాల్ పాలంపేట చేరాడు. ఆమె పేరు సుగుణ అని దిగీ దిగగానే అడిగి తెలుసుకున్నాడు. హన్మకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోందట. గోపాల్ వరంగల్ బజారులో బట్టల దుకాణం నడిపే నర్సయ్య కొడుకు. పుట్టి బుద్ధెరిగి బురదలో కాలు పెట్టినవాడు కాదు. నల్ల బూట్లతో ఒడ్డు మీద నిలబడి చూశాడు. ఎదురుగా మోకాలెత్తు వరి, పొట్టకొచ్చి గాలికి ఊగుతోంది. జాలు పట్టిన పొలంలో ఇంత వరి ఎక్కడ పండుతుంది?

సంచిలోంచి ఫోటో బయటికి తీసి, దాని మీది తేదీ చూశాడు. జనవరి. వరిని చూశాడు, మళ్లీ తేదీని చూశాడు. జనవరి అంటే నాట్ల కాలం. పొలం నిండా నీళ్లు పెట్టి, దమ్ము చేసి, బురద చదును చేసి ఉంటారు. ఉపగ్రహం సరిగ్గా అప్పుడే పైనుంచి వెళ్లింది.

"తప్పు నాదే," అన్నాడు. "ఫోటో తీసిననాడు మీరు దమ్ము చేసి ఉన్నరు. ఆ నీళ్లు చూసి జాలు అని రాసిన. మార్పిస్త."

సుగుణ దారి పొడవునా కూడబెట్టుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి.

"గంత జల్ది ఒప్పుకుంటవా నువ్వు?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఆమె గమనించలేదు. గోపాల్ గమనించాడు. ఆ సంతోషంలో పక్క మడి వైపు చెయ్యి చూపాడు. "అది ఎవలది? ఫోటోల ఊరందరికన్న మంచి ఎరుపు దానిదే."

"అదీ మాదే," అంది సుగుణ, అటు చూడకుండా.

"జర దగ్గరికి పోయి చూస్త."

"బూట్లు కరాబైతయి. ఎండ కొడ్తాంది, ఇంటికి పోదాం పా. అవ్వ చాయ పెడ్తది."

ఆ అమ్మాయి చాయకు పిలిస్తే, ఆగు, ముందు పక్క మడి చూసి వస్తానని అనేంత గొప్ప ఉద్యోగి కాడు గోపాల్.

ఒక పొలం తప్పయితే ఇంకెన్ని తప్పులో అని పెద్దసారు మొత్తం మ్యాపు మళ్లీ చూడమన్నారు. ఏప్రిలంతా గోపాల్ ఊళ్లు తిరిగాడు. ఏ ఊరికి బయల్దేరినా దారి పాలంపేట మీదుగానే ఉన్నట్టు తోచేది. సాయంత్రాలు హన్మకొండ చౌరస్తాలో సుగుణ, ఆమె స్నేహితురాలు అరుణ చెరకురసం తాగుతుంటే తనకూ అక్కడే దాహమేసేది. అరుణ గ్లాసు సగంలో వదిలేసి వెళ్లిపోయేది. పాపం, మంచి పిల్ల.

మ్యాపు పంపించే రోజు సుగుణ ఆఫీసుకు వచ్చింది. ఈసారి కోపం లేదు. ముఖం వాడిపోయి ఉంది.

"ఇంకో తప్పున్నది," అని పక్క మడి ఎర్రటి మచ్చ మీద వేలు పెట్టింది. "ఇది పంట కాదు, తుంగ. మూడేండ్ల సంది నాగలి దిగుతలేదు. కాలు పెడితే మోకాలి దాక దిగవడ్తది."

గోపాల్‌కు ఆనాటి చాయ గుర్తొచ్చింది.

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

"జాలు అని రాస్తే వాగు దాక మురుగు కాలువ తవ్వుతరు. అది మా మంచి పొలం నడుమకెళ్లే పోవాలె. బాపు చెప్పొద్దన్నడు."

"మరి ఇప్పుడెందుకు చెప్తానవ్?"

"నువ్వేమో నీ తప్పు నిలబడ్డ కాడనే ఒప్పుకుంటివి. నేను నీకు చాయ పోసి దాచిన. నువ్వు ఎదురైనప్పుడల్ల గదే యాదికొస్తాంది." ఆమె కళ్లు నిండాయి. "బాపు కోపం చేస్తే చేయనీ."

తమ పొలం మీది గీత చెరిపేయమని రానివాళ్లు లేరు ఆ ఆఫీసుకు. తన పొలం మీద తానే గీత గీయించుకోవడానికి వచ్చిన మనిషిని గోపాల్ ఇప్పుడే మొదటిసారి చూశాడు. ఇక ఈమె తప్ప తనకింకెవరూ వద్దనుకున్నాడు. ఆ మాట మాత్రం పైకి రాలేదు. పెన్సిల్ తీసుకుని ఎర్రమచ్చ చుట్టూ గీసి, జాలు అని రాశాడు.

"మీ బాపుకు నేను చెప్త," అన్నాడు.

వెంకట్రాజం నిలబెట్టే విన్నాడు.

"నా బిడ్డ చెప్పిందా?"

"లేదు. ఫోటో నేనే తప్పు చదివిన."

"గిన్ని దినాలు చదవరానిది ఇయ్యాల్నే చదవచ్చిందా? కాలువకు నా మంచి పొలం కోసిచ్చినవ్. మళ్ల మా గడప తొక్కకు."

ఆ ఎండాకాలమే కాలువ తవ్వారు. పరీక్షలు అయిపోయి సుగుణ ఇంటికెళ్లింది. వెళ్లేముందు అరుణతో ఒకటే మాట చెప్పి పంపింది. బాపు కాదన్నన్ని దినాలు కలవనని. గోపాల్ పాలంపేట దారి వదిలేశాడు. చౌరస్తాలో చెరకురసం బండి చూసినా గుండె బరువెక్కేది. తప్పు లేని మ్యాపు తనకు మిగిలింది, మనిషి మిగలలేదని ఏడ్చినంత పని చేశాడు.

1989 మార్చిలో కొత్త ఫోటోలు వచ్చాయి. ఈసారి మన దేశపు ఉపగ్రహమే తీసింది. గోపాల్ మొదట ఏ మచ్చ వెతికాడో చెప్పక్కర్లేదు. తుంగ మడి ఉన్న ఆ ఎర్రమచ్చ ఇప్పుడు నల్లగా ఉంది.

"మళ్ల నీళ్లు నిలిచినయా?" భుజం మీంచి పెద్దసారు అడిగారు.

"కాదు సార్. జనవరి ఫోటో. దమ్ము చేసిండ్లు. నాట్లేస్తాండ్లు!"

"గంత ఖాయంగ ఎట్ల చెప్తవ్?"

గోపాల్ భూతద్దం పక్కన పెట్టాడు. "నేల మీద చూడాలె సార్."

"పో మరి. ఈసారి అడిగేదేదో అడిగే రా."

ఈసారి బస్సులో పక్కన తండ్రి నర్సయ్య కూడా ఉన్నాడు. తుంగ ఉన్నచోట వరి నిండుగా నిలబడింది. పార భుజాన వేసుకుని వెంకట్రాజం ఎదురొచ్చాడు.

"మడి చూడ వచ్చినవా?"

"చూసిన. మంచిగున్నది."

"నాకెర్కనే. కాలువకు పోయింది సన్నటి పట్టె, దొరికింది మడి." ఆయన గొంతు తగ్గింది. "నా బిడ్డ మొఖమే మంచిగ లేదు. మరి గీయనెవలు? గీయన గూడ ఫోటోలు చదువుతడా?"

"మాది బట్టల దుకాణం, బావా," అన్నాడు నర్సయ్య.

వరంగల్ బజారులో నర్సయ్య ఎవరినైనా అన్నా అంటాడు, సేటూ అంటాడు. బావా అనడు. వెంకట్రాజం పార దించి ఒడ్డుకు ఆనించాడు.

"పా బావా, చాయ తాగుదాం," అని ఆయన్ని తీసుకుని నడిచాడు.

సుగుణ అవతలి ఒడ్డు మీదుంది. రెండేళ్లకు చిక్కింది, కళ్లు మాత్రం అవే.

"గ్రౌండ్ ట్రూత్ అయిందా?"

"ఇంకోటున్నది. నీ మనసుల..."

"ఆగు. ఒడ్డు మీద నిలబడి కాదు. బూట్లు ఇడిసి దిగు. నేల మీద నిలబడి అడుగు."

గోపాల్ బూట్లు విప్పి మడిలో దిగాడు. మడమ దాకా బురద, కింద గట్టి నేల తగిలింది. నిలబడి, అడగాల్సింది అడిగాడు.

"రెండేండ్లు పట్టిందా గీ ముక్క అడగనీకి?" అంది సుగుణ. ఏడుస్తూనే నవ్వుతూ తనూ మడిలోకి దిగింది.