నారింజ కోటులో ఎవరు

కాళ్ళ కింద భూమి కదిలిపోయిందని ఎవరైనా అంటే నేను నవ్వేవాణ్ణి. ఆ బుధవారం పొద్దున నాకది జరిగినప్పుడు నేను ముప్ఫై అడుగుల ఎత్తున, ఇనుప తీగకి వేలాడే కుర్చీలో ఉన్నాను. అక్కడ కాళ్ళ కింద భూమే లేదు. అయినా కదిలింది.

నా పేరు టోబిన్. వెర్మాంట్‌లో, కెనడా సరిహద్దుకి దగ్గర్లో, కెటిల్ హిల్ అనే చిన్న కొండ మీద స్కీ ప్యాట్రోల్‌లో పనిచేస్తాను. మంచులో పడి కాలు విరిగినవాళ్ళని స్లెడ్ బండిలో పడుకోబెట్టి కిందికి దించడం నా పని. చలి ముదిరిన రోజున ఇంకో పని కూడా ఉంది. కనబడ్డ ప్రతివాళ్ళ చేతా ముసుగు కిందికి లాగించి, చెంపల మీద తెల్ల మచ్చలు లేచాయేమో చూడాలి. మచ్చ లేచిందంటే అక్కడ చర్మం గడ్డకడుతున్నట్టే. దాన్ని రుద్దకూడదు. వెచ్చటి అరచెయ్యి ఆనించి, రంగు తిరిగేదాకా ఉంచాలి.

ఆ రోజు ఈ రెండో పని సరిగ్గా చేసి ఉంటే ఈ కథే లేదు.

మా కొండకి ఉన్నది ఒక్కటే లిఫ్ట్. నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దది. తీగ వెంట వరసగా పైకి పోయే, ఇద్దరు పట్టే చెక్క కుర్చీలు. పైకి చేరడానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. బాగా చలిగా ఉంటే లిఫ్ట్ నడిపే ఆయన ఎక్కిన ఇద్దరి ఒళ్ళోనూ ఒక మిలిటరీ కంబళి పడేస్తాడు. పైన దిగేటప్పుడు తిరిగిచ్చెయ్యాలి. ఆ కంబళి కింద కుదరని సంబంధం, తెగని తగువు మా ఊళ్ళో లేవు.

ఆ రోజు సున్నాకి కింద పద్దెనిమిది డిగ్రీలు. కొండ మొత్తానికి పదిహేను మంది వచ్చి ఉంటారేమో. అంత చలిలో ఎవరి మొహమూ ఎవరికీ కనబడదు. కళ్ళకి గాగుల్స్, ముక్కు మీదికి ఉన్ని ముసుగు, చెవుల దాకా టోపీ. మేం మనుషుల్ని కోటుని బట్టే పోల్చుకుంటాం. ఆకుపచ్చ కోటు పోస్టుమాస్టరు. ఊదారంగు కోటు స్కూలు టీచరమ్మ. కుడి మోచేతి దగ్గర వెండిరంగు టేపుతో అతుకు వేసిన నారింజ కోటు అర్మాన్ తాత. ఇరవయ్యేళ్ళుగా ఆ కోటులో ఇంకొకరిని ఎవరూ చూడలేదు.

పదింటికి ఆ నారింజ కోటు లిఫ్ట్ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను. కుర్చీ వచ్చి మోకాళ్ళ వెనక తగిలింది. కూర్చున్నాం. కంబళి పడింది.

పలకరించాను. తల ఊపడం తప్ప జవాబు లేదు. అందులో వింతేమీ లేదు. అర్మాన్ తాత మాటలు పొదుపు చేసే మనిషి. అడిగినదానికి తల ఊపుతాడు, అడగనిదానికి అదీ లేదు. కానీ ముందురోజు సాయంత్రం మేకుల కొట్లో కనబడి, తనంతట తానే నాకో మాట చెప్పాడు. మనవరాలు లిసెట్‌కి దేశానికి పడమటి వైపు యూటాలో పెద్ద హోటల్ వంటింట్లో ఉద్యోగం వచ్చిందట. బుధవారం సాయంత్రం అయిదింటికల్లా వస్తానో రానో చెప్పాలట.

లిసెట్ మా కొండ కింద లాడ్జిలో వంటిల్లు నడుపుతుంది. నేనూ ఆమే ఒకే బడిలో చదువుకున్నాం. ఆమె యూటా వెళ్ళిపోతే నా సంగతేమిటని నన్నెవరూ అడగలేదు. అడగడానికి నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఆమెకైతే అసలే చెప్పలేదు.

"తాతా, ఒక మాట చెప్పాలి. మధ్యలో ఆపకండి," అన్నాను. ఆయన ఎవరినైనా ఆపింది ఎప్పుడు గనక.

నారింజ కోటు తల ఊపింది.

"మీ లిసెట్ అంటే నాకిష్టం. ఎంత ఇష్టమంటే, మూడేళ్ళుగా ఆ అమ్మాయి వండే చిల్లీ తింటున్నాను. రోజూ రెండు గిన్నెలు."

కోటు కదల్లేదు.

బీన్సూ మాంసమూ కలిపి ఆమె ఉడికించే ఆ చిల్లీ గురించి మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఆమెకి తప్ప. నాకు నోరు తెరుచుకున్నాక మరి మూతపడలేదు. "ఉప్పు తాతా, ఉప్పు. సముద్రం దాకా వెళ్ళక్కర్లేదు. ఇంటికెళ్ళి చెంబుడు నీళ్ళు తాగుతాను. మర్నాడు మళ్ళీ వెళ్తాను. గిన్నె అందిస్తూ 'ఇవాళ ఎవరి కాలు విరిగింది' అని అడుగుతుంది చూడండి, ఆ ఒక్క ముక్క కోసం."

ఇంకా చాలా చెప్పాను. కోపమొస్తే గరిటె విసురుతుందని, పాట పాడితే లాడ్జి కుక్క బయటికి పోతుందని, నేను మాత్రం అక్కడే కూర్చుంటానని చెప్పాను. వెళ్ళొద్దనడానికి నేనెవర్నని, అందుకే ఏమీ చెప్పదలచుకోలేదని కూడా చెప్పాను. చివర్న, ఈ మాట ఈ కుర్చీ దాటకూడదని ఒట్టు పెట్టించుకోబోయాను.

దిగే చోటు ఇక యాభై గజాలుందనగా నారింజ కోటు ఎడమ చెయ్యి పైకి లేచింది. గాగుల్స్ నుదుటి మీదికి పోయాయి. ముసుగు గడ్డం కిందికి దిగింది.

"ఉప్పు ఎంత తగ్గించమంటావు?" అంది లిసెట్.

అదుగో, అప్పుడు కదిలింది భూమి.

గుండె ఒక్క క్షణం ఆగింది. ఆమె కళ్ళు నా కళ్ళకంటే పెద్దవై ఉన్నాయి. నవ్వు లేదు, కోపం లేదు, చెంపదెబ్బ తిన్న మనిషిలా చూస్తోంది. దిగే చోటు వచ్చేసింది. ఆమె లేచి సాఫీగా జారి వెళ్ళిపోయింది. నేను లేవడం మరిచిపోయి, ఆలస్యంగా లేచి, కంబళి కాళ్ళకి చుట్టుకుని బోర్లా పడ్డాను. నా కోసం లిఫ్ట్ ఆపారు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో కింద పడ్డవాళ్ళని లేపానే గాని, నన్నెవరూ లేపలేదు. ఆ ముచ్చటా తీరింది. లేచి చూస్తే నారింజ రంగు కొండ వాలులో ఎక్కడా లేదు.

పైనున్న ప్యాట్రోల్ గదిలో మూడింటిదాకా నా కాపలా. వదిలి వెళ్ళడానికి లేదు. పొయ్యి పక్కన కూర్చుని జరిగినదంతా మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. సముద్రం. గరిటె. కుక్క. తలుచుకున్నకొద్దీ పొయ్యిలో దూకుదామనిపించింది. రెండయ్యేసరికి సిగ్గు కొంచెం చల్లారి, దాని కింద భయం బయటపడింది. అయిదింటికి ఆమె యూటాకి వస్తానని చెప్పేస్తుంది. నేనన్న మాటల్లో ఆమెకి మిగిలేది ఉప్పొక్కటే. అది మాత్రం జరగకూడదు.

మూడింటికి తీర్మానం చేసుకుని కిందికి దిగాను. లిఫ్ట్ దగ్గర నారింజ కోటు ఒంటరిగా నిలబడి ఉంది.

నాకోసమే నిలబడిందనుకున్నాను. పక్కన చేరాను. కూర్చున్నాం. కంబళి పడింది.

"నువ్వేం మాట్లాడకు," అన్నాను. "పొద్దున తాతకి చెప్పాననుకున్నాను. ఇప్పుడు నీకే చెబుతున్నా. ఆరో క్లాసులో మంచుముద్ద నా చెవి మీద పగలగొట్టావే, ఆ రోజునుంచి నువ్వంటే నాకు ప్రాణం. వెళ్ళొద్దని అనను. వెళ్తే నేనూ వస్తా. కాళ్ళు విరగ్గొట్టుకునేవాళ్ళు అక్కడా ఉంటారు."

కంబళి కింద చెయ్యి వెతికి పట్టుకున్నాను. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నాకింక ధైర్యం హద్దు దాటింది. తల వంచి ఆ భుజానికి ఆనించి కళ్ళు మూసుకున్నాను. అలా ఎంతసేపున్నానో. సగం కొండ ఎక్కేశాం.

"చెయ్యి వదిలితే ముక్కు తుడుచుకుంటా," అన్నాడు అర్మాన్ తాత.

రెండోసారి కూడా గుండె ఆగుతుందని, ఆగి మళ్ళీ కొట్టుకుంటుందని అప్పుడే తెలిసింది. కుర్చీలోంచి దూకెయ్యలేదంటే కంబళి అడ్డమున్నందుకే.

ఆయన తీరిగ్గా ముక్కు తుడుచుకున్నాడు. ఆ తర్వాత, బతికి ఉన్నన్నాళ్ళకి సరిపడా మాట్లాడాడు. పొద్దున మనవరాలి కోటు జిప్పు ఊడిపోయిందట. తను పొయ్యి దగ్గర కూర్చుంటానని తన కోటిచ్చి, వంట మొదలయ్యేలోపు ఒక్కసారి స్కీ చేసి రమ్మన్నాడట. తిరిగొచ్చిన పిల్ల తోమిన గిన్నెనే తోముతూ కూర్చుందట. ఏమైందంటే చెప్పలేదట.

"యూటా పొమ్మన్నది నేనే," అన్నాడు. "ఇక్కడ నిన్ను ఉండమనేవాడు ఎవడున్నాడే అన్నాను. నువ్వున్నావని నాకేం తెలుసు? మూడేళ్ళుగా ఆ చిల్లీ తినడానికి తెరిచిన నోరు, మాట్లాడడానికి తెరవకపోతే ఎలారా?"

"తాతా, మీకు అభ్యంతరం లేదా?"

"నాకెందుకు? బాగానే చెప్పావు. చెయ్యి కూడా బాగానే పట్టుకున్నావు. కానీ చేసుకోవలసింది నన్ను కాదుగా." ముక్కు మళ్ళీ తుడుచుకుని అన్నాడు, "అందరి మొహాలూ చూడ్డమే నీ ఉద్యోగం. ఇవాళ రెండుసార్లు చూడలేదు. పో, పోయి మొహం చూసి చెప్పు."

పైన దిగీ దిగగానే నేను కిందికి ఎలా వచ్చానో నాకు తెలీదు. స్కీలు మంచులో పడేసి, బూట్లతో టకటకలాడుతూ లాడ్జి వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి ఆరిపోయి ఉంది. ఏప్రాన్ మేకుకి వేలాడుతోంది. గిన్నెలన్నీ తళతళలాడుతున్నాయి. గల్లాపెట్టె దగ్గరి ఆవిణ్ణి అడిగితే, లిసెట్ ఎటు పోయిందో తెలీదంది. మధ్యాహ్నం పన్నెండింటికి మాత్రం ఆఫీసు ఫోన్లోంచి యూటాకి మాట్లాడిందని, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చిందని చెప్పింది.

పన్నెండింటికి. నేను అయిదని కూర్చున్నాను.

మూడోసారి మరి గుండె ఆగలేదు, కిందికి జారిపోయింది. అప్పుడే నడుముకున్న డ్యూటీ రేడియో మోగింది. మూడున్నరయింది, ఆఖరి లిఫ్ట్. కొండ మీద ఎవరూ మిగిలిపోలేదని చూసుకుంటూ చివర్న దిగాల్సింది నేనే. ప్రేమ పోయినా డ్యూటీ పోదు కదా. స్కీలు తగిలించుకుని ఈడ్చుకుంటూ వెళ్ళాను.

లిఫ్ట్ దగ్గర నారింజ కోటు నిలబడి ఉంది.

ఈసారి నేను నోరెత్తలేదు. పక్కన కూర్చున్నాను. కంబళి పడింది. తీగని మోసే మొదటి స్తంభం దాటాక, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు అన్నాను.

"ముసుగు కిందికి లాగండి. చెంపలు చూడాలి."

గాగుల్స్ పైకి పోయాయి. ముసుగు దిగింది. ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళు, ఎడమ చెంప మీద నాణెమంత తెల్ల మచ్చ. లిసెట్.

చేతి తొడుగు పళ్ళతో లాగేసి అరచెయ్యి ఆ మచ్చకి ఆనించాను. అది ఉద్యోగం. మచ్చ వదిలి కళ్ళలోకి చూశాను, అది నేను.

"ఇప్పుడే కోటు నా ఒంటి మీద వేస్తూ తాత అంతా చెప్పాడు. ఆయనకి బాగానే చెప్పావట," అంది. "భుజం మీద తల కూడా పెట్టావట."

"నువ్వనుకుని."

"పొద్దున తాతనుకుని నన్ను తిట్టావు."

"ఉప్పునే తిట్టాను."

"మూడేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే బాగా వండుతావు. జనం పెరుగుతారు. నాకు గిన్నె ఇచ్చి మాట్లాడే తీరిక నీకుండదు."

ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కంబళి కేసి చూస్తూ కూర్చుంది. ఇక ఆలస్యం చేస్తే కొండ అయిపోతుంది. యూటాకి ఏం చెప్పావని అడిగాను.

"ప్యాట్రోల్‌లో ఖాళీ ఉందా అని అడిగాను," అంది.

అర్థం కావడానికి నాకు ఒక స్తంభం దాటేంతసేపు పట్టింది.

"ఉందన్నారా?"

"లేదట. అయితే నేనూ రానని చెప్పేశాను."

పన్నెండింటికి. నేను పొయ్యిలో దూకుదామనుకుంటున్న వేళకి ఆమె నా కోసం దేశానికి అవతలి వైపు ఉద్యోగం అడుగుతోంది. నా అరచెయ్యి ఆమె చెంప మీదే ఉంది. మచ్చ ఎప్పుడో ఎర్రబడింది, నేను తియ్యలేదు, ఆమె తియ్యమనలేదు.

"మరి ఏడ్చావట?"

"రేపు నువ్వు కనబడితే పొద్దున ఏమీ జరగనట్టు రెండు గిన్నెలు తిని వెళ్ళిపోతావని ఏడ్చాను. నువ్వు అలాంటివాడివే." ముక్కు ఎగబీల్చి నా వైపు తిరిగింది. "ఇంకా చాలా కొండ ఉంది. ఇప్పుడు చెప్పు. మొహం చూసి."

చూసి చెప్పాను. పొద్దున చెప్పినంత బాగా రాలేదు. ఆమె తన తొడుగు కూడా తీసేసి, నీకూ మచ్చ లేచిందంటూ నా చెంప మీద చెయ్యి పెట్టింది. లేవలేదని ఇద్దరికీ తెలుసు. పైన లిఫ్ట్ మనిషి కంబళి ఇమ్మని రెండుసార్లు కేకేశాడట, మాకు వినబడలేదు.

మర్నాడు చిల్లీలో ఉప్పు వెయ్యలేదు. బొత్తిగా వెయ్యలేదు. బాగాలేదని మొహం మీదే చెప్పి, రెండు గిన్నెలు తిన్నాను.