సారస దంపతుల లేబులు

ఆ ఉదయం జాతీయ మ్యూజియంలోని పక్షుల గదిలో హాజరైనవారు, వరుసగా: డైరెక్టరమ్మగారు, విశ్రాంత క్యూరేటరునైన నేను, అక్కడ లేబుళ్లు రాసే మా అమ్మాయి, చిట్టచివర, చేతిలో పట్టకారుతో, దూది కూరి భద్రపరచిన పాత పక్షులను బాగుచేసే యువకుడు. ఆ చివరి వ్యక్తి నన్ను తమ పెళ్లి మాట అడగనున్నాడని మా అమ్మాయి ముందే విన్నవించింది. నేను కోటు తొడుక్కొని, గంభీరమైన సమాధానం ఒకటి సిద్ధం చేసుకొని వచ్చాను.

మా ఎదుట అద్దాల పెట్టెలో రెండు సారస పక్షులు. 'ఆడ, మగ. జీవితాంతం ఎడబాయని దంపతులు' అన్న లేబులు నలభై ఏళ్ల క్రితం నేను రాసినదే. కొత్తగా పెళ్లయినవారు వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. మా ఆవిడతో నేనూ దిగాను; ఆ ఫోటో నేటికీ మా హాల్లో వేలాడుతున్నది.

"సార్..." యువకుడు గొంతు సవరించుకున్నాడు. నేను కోటు సవరించుకున్నాను.

"కాళ్ల దగ్గర ఈ ప్లాస్టిక్ గడ్డి తీస్తే పాత చీటీలు దొరికాయండీ. అప్పట్లో పక్షుల్ని కోసి చూసినవాళ్లు కట్టినవి. రెండింటి మీదా 'మగ' అనే ఉంది."

"నువ్వు అడగాలన్నది ఇదా?" అన్నది మా అమ్మాయి, పళ్లు బిగించి.

"అది అడిగేముందు ఇది చెప్పాలిగా."

"రేపు చెప్తే కొంపలు మునిగేవా?"

"ఆయన సరేనన్నాక చెప్తే మోసం కదా."

డైరెక్టరమ్మగారు కల్పించుకున్నారు. "పోనిద్దురూ. చూడ్డానికి ఆడా మగా ఒకేలా ఉంటాయాయె. సార్ మీద గౌరవంతో పాత లేబులే ఉంచేద్దాం."

ఆ గౌరవం నాకు ఎంతో రుచించింది. కానీ పెట్టె అద్దంలో మా అమ్మాయి ముఖం కనబడింది. అతన్ని తిడుతూనే, నేనేమంటానోనని ఊపిరి బిగబట్టి ఉన్నది.

"ఒకటి కాస్త చిన్నదిగా ఉంటే ఆడదనుకున్నాను," అన్నాను. "గడ్డి ఎత్తి చూడలేదు."

ఇది నేను సిద్ధం చేసుకొని వచ్చిన వాక్యం కాదు.

మా అమ్మాయి కలం తీసింది. "ఏం రాయమంటారు నాన్నా?"

"రెండూ మగవేనని. కింద సవరించినవారి పేరు ఉండాలి. అది నియమం."

"ఇతనిదా?"

"ఇంటిపేరుతో సహా. ఎలాగూ నీకు అలవాటు కావాలి."

పట్టకారు నేలమీద పడింది.

"మరి మన హాల్లో ఫోటో?" అన్నది, కళ్లు తుడుచుకుంటూ.

"ఉండనీ. అందులో మీ అమ్మా నేనూ అసలైన జంటే."

నలభై ఏళ్లుగా ఎవరూ ఎత్తని గడ్డిని ఎత్తినందుకు, అందువల్ల తనకు కలగగల నష్టం తెలిసి కూడా, కనబడినదానిని నా ముఖాననే చెప్పినందుకు, సదరు యువకునికి, కాబోయే మామగారి హోదాలో, నా కృతజ్ఞతను ఇందుమూలముగా నమోదు చేస్తున్నాను.